బరువు అడిగిన అమ్మాయి

బ్రయర్ నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "బరువెంత?"

పేరు అడగలేదు. ఏం కావాలని కూడా అడగలేదు. నేనింకా సైకిల్ షాపు గుమ్మంలోనే నిలబడి జుట్టులోంచి వాన నీళ్లు విదుల్చుకుంటున్నాను. ఎదురుగా ఒక అమ్మాయి, చేతిలో చిన్న పంపు, చెవి వెనక పెన్సిలు, ముక్కు మీద నల్లటి గ్రీజు మరక. ఆ మరక సంగతి చెప్పాలో, అది అలాగే బాగుందని చెప్పాలో నాకు అర్థం కాలేదు. చాలా విషయాల్లో నాకిలాగే అవుతుంది.

"ఎవరి బరువు?" అన్నాను.

"నాదైతే కాదు. తొక్కి చూసే డెమో బండి కోసం వచ్చిన కెరెయామా నువ్వేగా? బరువు చెప్పు, వెనక షాకబ్జార్బర్లో గాలి కొట్టాలి. బయట ఇంకో ఏడుగురున్నారు."

నా బరువు నూట మూడు కిలోలు.

"ఎనభై ఎనిమిది," అన్నాను.

ఎందుకన్నానో ఆ క్షణాన నాకు తెలియదు. ఆ అమ్మాయి తలెత్తి చూసింది, నా నోట్లోంచి ఆ అంకె వచ్చేసింది. మా మేనత్త బేకరీలో పదేళ్లుగా మాంసం కూరిన మీట్ పైలు చేస్తూ, విరిగినవన్నీ తనే తినే మనిషి ఎనభై ఎనిమిది కిలోలు ఎలా ఉంటాడని ఆమె ఒక్కసారి ఆలోచించి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసిపోయేది. ఆలోచించలేదు. ఒక అట్ట మీదున్న పట్టికలో వేలు పెట్టి, అంకె చూసి, గాలి కొట్టేసింది.

నేను ఆ షాపుకి ఎందుకొచ్చానో చెప్పాలి. మూడు వారాల కిందట నా పాత సైకిలు ఫ్రేమ్ విరిగింది. అది చూసి మెరె అత్త ఒక మాటంది.

"ఒరేయ్ కెరె, పదేళ్లు నా దగ్గర పిండి పిసికావు. ఒక బండి కొనిపెడతాను. ఒక్కటే. నెల తిరక్కుండా వచ్చి 'అత్తా, ఇది కాదు, అది' అన్నావంటే నిన్నే పొయ్యిలో పెడతాను."

ఆ బెదిరింపుకి కారణం ఉంది. ఫిష్ అండ్ చిప్స్ కొట్లో చేప చెప్పి, డబ్బులిచ్చి, మళ్లీ వెళ్లి వేరే చేప అడిగే రకం నేను. అలాంటివాడికి హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా అనే ప్రశ్న ఎదురైంది. హార్డ్‌టెయిల్ అంటే ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగు. ఫుల్ సస్పెన్షన్ అంటే వెనక చక్రానికి కూడా. చెప్పుకోవడానికి ఇంతే. దీని మీద మా ఊరు రోటోరువాలో అన్నదమ్ములు మాటలు మానేశారు.

ఆ శనివారం పొద్దున హార్డ్‌టెయిల్ మీద, మధ్యాహ్నం ఫుల్ సస్పెన్షన్ మీద అడవిలో దిగాను. హార్డ్‌టెయిల్ దారిలో ఉన్న ప్రతి చెట్టు వేరునీ నా నడుముకి విడివిడిగా పరిచయం చేసింది. అయినా చెప్పిన చోటుకి వెళ్లింది. ఖరీదైన ఫుల్ సస్పెన్షన్ మాత్రం తడిసిన పరుపులా కుంగింది. చిన్న గుంటలో దిగినా అడుగున ఠక్కుమని కొట్టుకుంది. పెడల్ చెట్టు వేళ్లకి తగిలి రెండుసార్లు పడ్డాను.

"ఎలా ఉంది?" అంది బ్రయర్, బురదతో తిరిగొచ్చిన నన్ను చూసి.

"మునిగిపోతోంది. అడుగు తగులుతోంది."

ఆమె నుదురు ముడిపడింది. "అలా ఉండకూడదే. ఎనభై ఎనిమిదేగా?"

అప్పుడు చెప్పేయాల్సింది. నవ్వేసి, సారీ అని, నూట మూడు అని ఉంటే సరిపోయేది.

"ఎనభై ఎనిమిదే," అన్నాను.

"సరే, వచ్చే శనివారం రా. ఈసారి పట్టికని నమ్మను. ఉంగరం చూసి పెడతాను."

*

ఉంగరమంటే షాక్ కడ్డీ మీద ఉండే సన్నటి రబ్బరు ఉంగరం. మనిషి బండి మీద కదలకుండా కూర్చుంటే అతని బరువుకి షాక్ ఎంత కుంగుతుందో ఆ ఉంగరం అంత దూరం జరిగి ఆగుతుంది. దిగాక కొలుస్తారు. అబద్ధం చెప్పడం ఆ ఉంగరానికి చేతకాదు. నాకు చేతనవుతుందని ఆ రోజే తెలిసింది.

"ఎక్కు. పడిపోకుండా పక్కనున్న పనిముట్ల బెంచీ మీద ఒక వేలు ఆనించుకో చాలు," అంటూ బ్రయర్ మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె తల నా మోచేతి పక్కనే ఉంది. జుట్టులో గ్రీజు వాసనా, నారింజ సబ్బు వాసనా కలిసి వస్తున్నాయి.

నేను వేలు ఆనించలేదు. అరచెయ్యి మొత్తం బెంచీ మీద పెట్టి, భుజం నొప్పెట్టేలా నొక్కాను. పదిహేను కిలోల కెరెయామా బెంచీ మీదికి వెళ్లిపోయాడు. మిగతావాడు సీటు మీద కూర్చున్నాడు.

"భలే," అంది ఆమె, కొలిచి. "సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. మరి పోయినసారి ఏమైందో."

"ఏమో," అన్నాను, చెయ్యి విదుల్చుకుంటూ.

"ఇంతకీ నీకేం కావాలి? కొండెక్కడం ఇష్టమా, దిగడం ఇష్టమా?"

"రెండూ."

"అంటే ఇంకా ఏదీ తేల్చుకోలేదన్నమాట."

"నువ్వేం తొక్కుతావు?"

"హార్డ్‌టెయిల్."

నేను తెల్లబోయాను. ఆ షాపులో సస్పెన్షన్ విప్పి బిగించేది ఆమె ఒక్కతే.

"రోజంతా ఇక్కడ షాకులు విప్పుతాను," అంది ఆమె. "ఇంటికెళ్లి కూడా వాటి మొహమే చూడాలా? నీ చొక్కా మీద బేకరీ పేరుందిగా, నువ్వు ఇంట్లో కూడా మీట్ పైలు తింటావా?"

తింటాను. కానీ ఎనభై ఎనిమిది కిలోల మనిషి ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు?

"అస్సలు తినను," అన్నాను.

ఆ రోజు నుంచి నా తల పూర్తిగా చెడిపోయింది. హార్డ్‌టెయిల్ కొంటే ఆమెతో కలిసి అడవిలోకి వెళ్లొచ్చు. కానీ దానికి వెనక షాకే ఉండదు, షాపుతో పనుండదు. ఫుల్ సస్పెన్షన్ కొంటే షాపుకి రావచ్చు. కానీ ఆమెకి వాటి మొహం చూస్తేనే విసుగు. పైగా ఆ బండి నా కింద అప్పడంలా అణిగిపోతోంది. నేను ఎంచుకుంటున్నది సైకిలునో మనిషినో నాకే అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం మళ్లీ అడుగు తగిలింది. ఈసారి మోకాలు చీరుకుంది. బ్రయర్ నా మోకాలు చూసింది, బండిని చూసింది. మందు రాసి, బ్యాండేజీ అంటించి, "నేను చూస్తాను," అని మాత్రం అంది. నవ్వలేదు. ఆ నవ్వు లేకపోవడం నాకు మోకాలి కంటే ఎక్కువ నొప్పెట్టింది.

*

మూడో శనివారం వెళ్లేసరికి బ్రయర్ కళ్ల కింద నలుపు కనిపించింది.

"షాక్ మొత్తం విప్పాను," అంది. "రబ్బరు సీళ్లు మార్చాను, నూనె మార్చాను. ఇంకో బండి షాక్ తెచ్చి పక్కన పెట్టి రెండిటినీ పోల్చాను. ఏ తేడా లేదు కెరె. నీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మునిగిపోతోంది. నాకేం అర్థం కావట్లేదు."

మొదటిసారి నన్ను కెరె అని పిలిచింది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఆమె బండి తేవడానికి వెనక్కి వెళ్లింది.

షాపు యజమాని డగల్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, మాటలు తక్కువ. చేతిలో టీ కప్పు.

"నువ్వేనా ఆ కుంగే కస్టమరువి?" అన్నాడు.

"నేనే."

"ముప్పై ఏళ్లు ఆ బెంచీ దగ్గర నేనే కూర్చున్నాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. సస్పెన్షన్ పని ఆ పిల్లకి అప్పగిద్దామని మూడు నెలలు పరీక్ష పెట్టాను. సోమవారంతో అయిపోతుంది." టీ ఒక గుక్క తాగాడు. "అన్ని బండ్లూ బాగానే చేసింది. నీ ఒక్కడిదే కుదరలేదు. ఒక్క మనిషి బండి మూడుసార్లు పట్టుకుని ఎందుకు తప్పిందో చెప్పలేకపోతే ఆ బెంచీ ఎలా ఇవ్వను?"

"ఇవ్వకపోతే?"

"నెల్సన్లో వాళ్లన్నకి షాపుంది. అక్కడికి పోతానంటోంది. పంక్చర్లు వేయడానికైతే ఇక్కడే ఉండక్కర్లేదుగా."

నెల్సన్ అంటే సముద్రం అవతల, వేరే దీవి. మేము మాట్లాడుతుండగానే బ్రయర్ బండి నడిపించుకుంటూ వచ్చింది. చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది.

"చివరిసారి, మొదట్నుంచీ చేద్దాం. బరువెంత?"

డగల్ నన్నే చూస్తున్నాడు. ఆమె పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. ఇప్పుడు నిజం చెబితే, మూడు శనివారాలుగా ఆమె మొహం మీదే అబద్ధం చెప్పానని ఆమె యజమాని ముందే తేలుతుంది. ఇంక నా మొహం చూస్తుందా? చెప్పకపోతే ఊరు వదిలి వెళ్లిపోతుంది. ఎటు చూసినా ఆమె నాకు దక్కేలా లేదు.

"ఎన... ఎనభై ఎనిమిది," అంది నా నాలుక.

బెంచీ కూడా నా చేతిని మోసింది, పోయిన శనివారంలాగే. నేను ఆ రోజు అడవికి వెళ్లలేదు. కడుపులో బాగాలేదని చెప్పి వచ్చేశాను. అది మాత్రం నిజం.

*

"ఆ పిల్ల ముందు సన్నగా కనబడాలనుకున్నావా?" అంది మెరె అత్త, ఆ సాయంత్రం బేకరీలో అంతా విన్నాక. పిండి అంటుకున్న చేతులు నడుం మీద పెట్టుకుంది. "ఆ పిల్లకి కళ్లున్నాయి కదరా? నువ్వెలా ఉన్నావో కనబడుతూనే ఉంటావుగా?"

నేను ఇది ఆలోచించలేదు. నిజంగానే ఆలోచించలేదు.

"నిన్ను చూస్తూనే ఉంది, నువ్వు చెప్పిన అంకె రాసుకుంది. ఎందుకో తెలుసా? నువ్వు అబద్ధం చెబుతావని ఆ పిల్లకి తోచలేదు. నిన్ను నమ్మి, తన చేతుల్ని అనుమానించుకుంటోంది."

అత్త పైలు పొయ్యిలోకి తోసి, తలుపు వేసి, మూలనున్న పిండి బస్తాలు తూచే కాటా వైపు చూపించింది.

"రెండు వందల కిలోల దాకా తూస్తుంది. వ్యానులో వేసుకుపో. తిరిగి తెచ్చేటప్పుడు తుడిచి తే."

*

ఆదివారం పొద్దున వాన. షాపు ముందు రేకుల పందిరి కింద, కొండ మీదికి తీసుకెళ్లే వ్యాను కోసం పదిమంది సైకిళ్లతో నిలబడి ఉన్నారు. నేను ఇనుప కాటాని పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చి, వాళ్ల మధ్యలోంచి లోపలికి వెళ్లి, సస్పెన్షన్ బెంచీ ముందు దించాను. బ్రయర్ అప్పటికే తన పనిముట్లు ఒక డబ్బాలో సర్దుతోంది. డగల్ టీ కప్పుతో వెనక గదిలోంచి వచ్చాడు.

"ఇదేంటి?" అంది బ్రయర్.

నేను కాటా ఎక్కాను. ముల్లు ఊగి, ఊగి, నూట ఆరు దగ్గర ఆగింది.

"తడి బట్టలు..." అని మొదలుపెట్టి ఆపేశాను. "కాదు. నూట ఆరే. మామూలుగా నూట మూడు."

బ్రయర్ కాటాని చూసింది. నన్ను చూసింది. బెంచీని చూసింది. ఆమె చూపు నేను రెండుసార్లూ చెయ్యి పెట్టిన చోట ఆగింది.

"చెయ్యి ఆనించావు," అంది నెమ్మదిగా.

"ఆనించాను."

"వేలు కాదు."

"కాదు. చెయ్యి మొత్తం."

ఆమె చేతిలోని పంపు బల్ల మీద పెట్టింది. కోపంగా విసిరి ఉంటే నాకు బాగుండేది. జాగ్రత్తగా పెట్టింది.

"నాలుగు రోజులు ఆ షాక్ విప్పుతూ కూర్చున్నాను కెరె. నాకీ పని రాదేమో అనుకున్నాను. మా అన్నకి ఫోన్ చేసి వస్తానని చెప్పాను. నీకిది ఆటగా ఉందా?"

"ఆట కాదు. సిగ్గు."

"దేనికి?"

బయట వాన, పందిరి కిందనుంచి చూస్తున్న పదిమంది. నా బతుకులో ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పినవాణ్ణి కాదు. ఆ రోజు చెప్పాను.

"నువ్వు నచ్చావు. గుమ్మంలో నిలబడి నిన్ను చూడగానే నచ్చావు. నువ్వేమో బరువు అడిగావు."

పందిరి కింద ఎవరో దగ్గారు. డగల్ కప్పులోకి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. బ్రయర్ మొహం ఎర్రబడింది. అది కోపమో ఇంకేదో నాకు అర్థం కాలేదు.

"బండెక్కు," అంది. "రెండు చేతులూ పైకెత్తు."

"పడిపోతానేమో."

"డగల్ పట్టుకుంటాడు. ఎత్తు."

డగల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను అందరి ముందూ దొరికిపోయిన దొంగలా చేతులెత్తి కూర్చున్నాను. దిగాక ఆమె ఉంగరం కొలిచి తల అడ్డంగా ఊపింది. పంపు తగిలించి గాలి కొట్టింది. మళ్లీ ఎక్కించింది, దించింది, ఇంకాస్త కొట్టింది. నాలుగోసారి ఉంగరం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

"నీ లెక్క తప్పలేదమ్మాయ్," అన్నాడు డగల్. "లెక్కలోకి వచ్చిన మనిషే తప్పు. రేపటిదాకా ఎందుకు, ఆ డబ్బాలో సర్దినవన్నీ తీసి మళ్లీ బెంచీ మీద పెట్టుకో." తర్వాత నా వైపు తిరిగాడు. "అన్నట్టు, మా షాపులో మనిషికి ఒక్కటే డెమో. నీకు మూడిచ్చింది. అది నాకూ అర్థం కాలేదు."

బ్రయర్ హెల్మెట్ తీసుకుంది. "నేనూ వస్తున్నాను," అంది, ఎవరి వైపూ చూడకుండా. "వెనకాల వస్తాను. కుంగుతోందో లేదో నా కళ్లతో చూడాలి."

*

అడవిలో ఆ రోజు ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. రెండు శనివారాలు నన్ను కింద పడేసిన చెట్టు వేళ్లే అవి. అదే బండి. ఈసారి చక్రం వేళ్ల మీదుగా పాకుతూ పోయింది. గుంటలో దిగింది, ఊపిరి పీల్చినట్టు కుంగింది, తేలింది. అడుగు తగల్లేదు. వెనకనుంచి బ్రయర్ హార్డ్‌టెయిల్ గడగడ చప్పుడు వినిపిస్తూనే ఉంది. దారి అయిపోయేసరికి నేను చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాను.

పెద్ద రెడ్‌వుడ్ చెట్టు కింద ఆగాం. ఆమె మొహం నిండా బురద.

"ఎలా ఉంది?"

"బాగుంది. చాలా బాగుంది. నన్ను క్షమించు బ్రయర్."

"ఇంకా కోపం పోలేదు."

"పోకపోయినా ఫర్వాలేదు. వెళ్లిపోకు."

ఆమె హ్యాండిల్ మీద బురద గోటితో గీకుతూ నిలబడింది. "మా అన్నకి పొద్దునే మెసేజ్ పెట్టాను, రానని. నువ్వు చేతులెత్తి కూర్చున్నప్పుడు, నీ వెనక నిలబడి."

"అప్పటికింకా డగల్ ఏమీ అనలేదుగా?"

"అనలేదు."

నేను ధైర్యం చేశాను.

"మూడు డెమోలు ఎందుకిచ్చావు?"

"మొదటిది అందరికీ ఇచ్చేదే. రెండోది బండి ఎందుకు కుంగుతోందో తెలుసుకోవాలని." ఆగింది. "మూడోదానికి బండిని నేనే తొక్కి చూడొచ్చు. కాని నిన్నే రమ్మన్నాను. ఎందుకో నాకూ సరిగ్గా అర్థం కాలేదు."

ఆమెకీ అర్థం కాని విషయాలుంటాయని తెలిసి నా మనసు తేలికైంది.

"నీ పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నానుగా," అంది ఆమె. "లావుగా ఉన్నావనుకున్నాను. ఎనభై ఎనిమిది అన్నావు, జాకెట్ మందంగా ఉందేమో అనుకున్నాను. లావుగా ఉన్నా నాకేం తేడా లేదు. చెప్పి ఉండాల్సింది."

"ఇంట్లో మీట్ పైలు తింటాను. రోజూ. అదీ అబద్ధమే."

ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది. "ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు."

"సరే. అయితే ఏ బండి? ఇప్పుడైనా తేల్చుకున్నావా? నా హార్డ్‌టెయిల్ కావాలంటే ఒక రౌండు తొక్కి చూడు."

మూడు వారాలుగా నిద్రలో కూడా అడుగుతున్న ప్రశ్న. ఆమె తొక్కే హార్డ్‌టెయిల్ తేలిక, ఆమెతో సమానంగా కొండెక్కొచ్చు. నా కిందున్న ఫుల్ సస్పెన్షన్ మెత్తన, నడుం మిగులుతుంది. ఇద్దరి బండ్లనీ మార్చి మార్చి చూశాను. మళ్లీ తల తిరగడం మొదలైంది.

"ఒక్కటి చెప్పు," అన్నాను. "ఈ వెనక షాక్‌ని ఎప్పుడెప్పుడు సర్వీసుకి తేవాలి?"

"యాభై గంటలు తొక్కాక ఒకసారి. పుస్తకంలో అలా ఉంటుంది."

"హార్డ్‌టెయిల్‌కి?"

"దానికి వెనక ఏముందని తెస్తావు?"

"ఫుల్ సస్పెన్షన్," అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ముక్కు మీద మళ్లీ నల్లటి మరక. ఈసారి నేను చెయ్యి చాపి బొటనవేలితో తుడిచాను. కదలకుండా నిలబడింది.

"యాభై గంటలన్నది మామూలు బరువున్నవాళ్లకి," అంది, బండెక్కుతూ. "నూట మూడు కిలోలంటే షాక్ మీద భారం ఎక్కువ. నువ్వు అయిదు గంటలకోసారి తెచ్చెయ్."

నేను వారానికి తొక్కేది సరిగ్గా అయిదు గంటలు. ఈ ఒక్కటి మాత్రం నాకు వెంటనే అర్థమైంది.